నేను నూరి పోసిన బిళ్లలు

పొద్దున్నే షట్టరు ఎత్తి చూసేసరికి తొట్టిలో నీళ్లు పాలలా మారిపోయి ఉన్నాయి. నారింజ, తెలుపు చారల క్లౌన్ చేప ఒకటి వెల్లకిలా తేలుతోంది, ఇంకొకటి పైకొచ్చి నోరు తెరుస్తూ మూస్తోంది. పగడాలు ముడుచుకుపోయి అంచుల్లో జిగురు కారుతున్నాయి. ఎవరు చేసిన పనో నాకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది.

ఆ తొట్టి నా మిత్రుడిది. అతనికి తిరుపతిలో కళ్లద్దాల దుకాణం ఉంది. ఫిల్టరు నీళ్లలో సముద్రపు ఉప్పు కలిపి, దుకాణం ముందు గదిలోనే ఆరేళ్లుగా ప్రాణమున్న పగడాలు పెంచుతున్నాడు. రోజూ కాస్త విటమిన్ సి పొడి వేస్తే అవి బాగా విచ్చుకుంటాయని అతని నమ్మకం. మేనకోడలి పెళ్లికి పలమనేరు వెళ్తూ తాళం నాకిచ్చాడు.

"ఈ చిన్న చెంచాకు సగమే అన్నా. ముందు కప్పు నీళ్లల్లో కరిగించి పొయ్యి. మీ పేపరోళ్ల మాదిరి ఉండేదాన్ని రెండింతలు చేసేవు!" అని నవ్వాడు.

రెండో రోజు పొడి డబ్బా చేయి జారి తడి నేలమీద బోర్లా పడింది. ఫోన్ చేస్తే రెండ్రోజులు వేయకపోయినా ఏం కాదని చెప్పేవాడే. పెళ్లిలో ఉన్నవాణ్ని కదిలించడమెందుకని నాకు నేను సర్దిచెప్పుకున్నాను కానీ, అసలు సంగతి నామోషీ. కరోనా రోజుల్లో ఊరంతా చప్పరించిన నారింజ రంగు బిళ్లలు మా ఇంట్లో ఇంకా మిగిలి ఉన్నాయి. విటమిన్ అదే కదా అనుకున్నాను. ఒక అట్ట మొత్తం నూరి, కలిపి పోశాను. వాటిలో చక్కెర ఉందని అట్ట వెనుక రాసే ఉంది. ఆ చక్కెర తిని నీళ్లలోని సూక్ష్మజీవులు ఒక్కసారిగా పెరిగి, చేపలకు గాలి అందకుండా చేస్తాయని తర్వాత చదివి తెలుసుకున్నాను.

నీళ్లు తెల్లబడిన ఆ రోజు మధ్యాహ్నమే మిత్రుడు పెళ్లి నుంచి వచ్చాడు.

"ఏమైందన్నా? నీళ్లేంది ఇట్ల ఉండాయి?"

"కరెంటు పోయినట్టుందబ్బా. ఇన్వర్టరు అందుకోలేదేమో." ఎక్కడా తడుముకోకుండా అనేశాను.

ఇన్వర్టరు బిగించిన ఎలక్ట్రీషియన్ రెండు కొట్ల అవతలే ఉంటాడు. పిలవగానే వచ్చి, మెయిన్ స్విచ్ కట్టేసి చూశాడు. తొట్టిలో నీళ్లు తిప్పే మోటార్లు ఇన్వర్టరు మీద ఆగకుండా తిరిగాయి.

"సూడప్పా, బాగుండాదే!"

"బాగుంటే ఇవన్నీ ఊరికే సచ్చిపొయినాయా? నిన్ను నమ్మితిని సూడు, నాకు బుద్ధిలేదు!" అని మిత్రుడు అతని మీద అరిచాడు.

ఎలక్ట్రీషియన్ నా వైపు తిరిగాడు. "అన్నా, కరెంటు పోయింది నువ్వు చూసినావా?"

"వీధిలో అనుకుంటున్నారు," అన్నాను.

ముప్పై ఏళ్లు పత్రిక డెస్కులో కూర్చున్నవాణ్ని. ఎవరు చెప్పారో లేకుండా 'స్థానికులు తెలిపారు' అని వచ్చిన ప్రతి వార్తనూ వెనక్కి పంపినవాణ్ని. పెద్దాయన మాట కాదనడం ఎందుకనుకున్నాడేమో, ఎలక్ట్రీషియన్ స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

రెండో చేప సాయంత్రానికి పోయింది. పగడాల్లో ఒకే ఒక్క గుత్తి బతికింది. మిత్రుడు వేరే మనిషిని పిలిపించి ఇన్వర్టరు మార్పించాడు. వీధిలో ఇంకో ఇద్దరు దుకాణదారులు కూడా తమ పనులకు ఆ కొత్త మనిషినే పిలుస్తున్నారు. ఎలక్ట్రీషియన్ అలిపిరి దారిలో కనబడితే ఇప్పటికీ నాకు దండం పెడతాడు.

ఇది జరిగి ఎనిమిది నెలలైంది. మిత్రుడికి గానీ, ఎలక్ట్రీషియన్‌కు గానీ నేనింకా నిజం చెప్పలేదు.