గడ్డిమోపులతో కొలిచిన బాట

మేము చిన్నగా ఉన్నప్పుడు మా ఊరి బాటను టేపుతో కొలిచేవాళ్లు కాదు... గడ్డిమోపులతో కొలిచేవాళ్లు.

మఠంపల్లి వైపు నల్లరేగడి ఊరు మాది. ఊళ్లో నుంచి హుజూర్‌నగర్ బస్సు ఆగే రోడ్డు దాకా చేల మధ్య ఒక కాలిబాట. బడికైనా దవాఖానకైనా అదే దారి. దాన్ని బాగు చేయడానికి బయటి నుంచి ఎవరూ వచ్చేవాళ్లు కాదు. మిరుగానికి, అంటే తొలకరికి ముందు ఒక రోజు, ఇంటికొకరు చొప్పున గొడ్డలో పారో పట్టుకుని బయలుదేరేవాళ్లు. కూలి లేదు. పని అయ్యాక అందరికీ అంబలి.

కంప కొట్టి, గుంతలు పూడ్చాక కొలత... మా అమ్మ, సైదమ్మత్త నెత్తిన సుట్టబట్ట పెట్టుకుని, పచ్చగడ్డి మోపులు ఎత్తుకుని, ఇరుకు అనిపించిన ప్రతి చోటా ఎదురెదురుగా నడిచేవాళ్లు. ఒకరినొకరు దాటేటప్పుడు మోపులు తగిలాయంటే అక్కడ మళ్లీ పార పట్టాల్సిందే.

సగం దారిలో నర్సయ్య పెద్దనాయిన చేను. ఏటా దుక్కి దున్నేటప్పుడు ఆయన నాగలి ఒక్క సాలు బాటలోకి వచ్చేది. ఒక్కటే సాలు. ఎవరూ అడగలేదు. ఎండాకాలం ఊరంతా ఆయన మోటారు దగ్గరే బిందెలు నింపుకునేది. ఒక్క రోజు కూడా కాదనలేదు ఆయన. అలాంటి మనిషిని ఒక సాలు కోసం ఏమని అడుగుతారు...

అందుకని ఆయన ఎంత కలుపుకుంటే అంత, రెండో పక్క కంప కొట్టి బాటను వెడల్పు చేసేవాళ్లు. ఆ పక్క అడిగేవాళ్లు లేరు. పాడుబడ్డ మోటబాయి ఉంది. చుట్టూ గోడ లేదు.

నేను రెండో తరగతిలో ఉన్నప్పుడు ఆ బాయిలో రాయి పడాలంటే చెయ్యి తిప్పి విసరాల్సి వచ్చేది. ఆరో తరగతికి వచ్చేసరికి బాట మీద నిలబడి వదిలితే చాలు... పడేది.

ఆ మాటే అమ్మతో అన్నాను. ఆ ఏడు కొలత రోజు అమ్మ బాయి దగ్గర మోపు దించి, పని చూసే ముత్తయ్య తాత వైపు తిరిగింది.

"మామా, ఎడల్పు సరిపోయింది. బాట యాడికి పోతున్నదో సూసినవా?"

"మోపులు తగిలినయా?" అన్నాడు తాత.

"తగల్లే."

"మరింక నీ పరేషాన్ ఏంది బిడ్డా?"

"నువ్వొకసారి బాయి పక్క నడువు మామా," అంది సైదమ్మత్త. "మోపు కూడా వద్దులే, నీ మీసాల బరువే సాలు."

అందరూ నవ్వారు. చేను గట్టు మీద నిలబడి నర్సయ్య పెద్దనాయిన కూడా నవ్వాడు.

"సరే, మళ్లొకసారి నడువుండ్రి," అన్నాడు తాత.

నడిచారు. మోపులు తగల్లేదు. సైదమ్మత్త కాలి కింద దరి విరిగింది.

అమ్మ చెయ్యి పట్టి గుంజింది కాబట్టి మనిషి మిగిలింది. మోపు పోయింది. అది నీళ్లలో పడిన చప్పుడు చాలా ఆలస్యంగా వచ్చింది... ఆ ఆలస్యం నాకు ఇప్పటికీ గుర్తుంది.

నర్సయ్య పెద్దనాయిన కాసేపు బాయిలోకి చూసి, "ఈ ఏడు బాయి పూడుద్దాం," అన్నాడు. సాలు సంగతి ఆయన ఎత్తలేదు. మావాళ్లూ ఎత్తలేదు. సాయంత్రం బిందెలు తీసుకుని ఆయన మోటారు దగ్గరికే పోయాం.

బాయి పూడలేదు. రెండేళ్లకు ఊరి అవతల సిమెంటు రోడ్డు వచ్చింది. ఆటోలు వచ్చాయి. బాట ఖతం, కొలత కూడా ఖతం.

నేనిప్పుడు కోదాడలో ఉంటున్నాను. మొన్న ఊరికి వెళ్తే, సాయంత్రం పాత బాట మీద పెరిగిన తుమ్మ పొదల్లో నుంచి బడి పిల్లలు ఒకరి వెనక ఒకరు బయటికి వచ్చారు. ఆటో ఇప్పుడు ఆ వేళకు రావడం లేదట. సిమెంటు రోడ్డు చుట్టుదారి అని, ఆ బాటను వాళ్లే మళ్లీ తొక్కుకున్నారు. నర్సయ్య పెద్దనాయిన లేడు. ఆయన కొడుకులు చేనుకు కంచె వేశారు. ఇక నడవడానికి మిగిలింది బాయి పక్కే. బాయి మీద తీగలు అల్లుకుని, పచ్చగా, చదునుగా ఉంది...

"అక్కడ బాయి ఉంది, తెలుసా?" అని అడిగాను.

"బాయి ఏడుంది ఆంటీ?" అంది ముందు నడిచే పిల్ల. "రోజు గీడికెళ్లే వస్తం. గాడ ఉత్త పొదలే."

"ఆంటీకి ఒక్కదానికే కనవడతదేమో!" అన్నది వెనక పిల్ల. అందరూ కిలకిలా నవ్వారు.

ఒక రాయి తీసుకుని ఆ తీగల మధ్య వదిలాను. విసరలేదు... వదిలానంతే. కాసేపటికి కింద నుంచి చప్పుడు వచ్చింది. నవ్వు ఆగిపోయింది.

మర్నాడు ఆ పిల్లలు మళ్లీ అటే వచ్చారట. ఊళ్లో ఉండే మా వదిన ఫోన్ చేసి చెప్పింది.

వచ్చే ఆదివారం ఐదుగురం వెళ్తున్నాం, గొడ్డళ్లు, గడ్డపారలు, తీగ చుట్ట పట్టుకుని. బాయి చుట్టూ కంచె కట్టాలి. దానికంటే ముందు, చేను కంచెను వెనక్కి జరపమని ఆ కొడుకులను అడగాలి. ఆనాడు ఎవరూ అడగని మాట అదే. అమ్మ కూడా వస్తానంది. సైదమ్మత్త పోయింది. ఆ ఆకుల కింద దరి ఎక్కడ మొదలవుతుందో తెలిసిన మనిషి ఇప్పుడు అమ్మ ఒక్కతే.

మీ ఊళ్లో మీరు నడిచి వదిలేసిన బాట పక్కన ఏముండేదో గుర్తుంటే కింద రాయండి. రాసే ముందు, ఇప్పుడు అటు నడిచే పిల్లలకు చెప్పండి.

ఆదివారానికి ఇంకా నాలుగు రోజులున్నాయి, ఒక్క వాన పడినా ఆ దరి ఇంకా విరుగుతుంది. పొద్దున్నుంచి మఠంపల్లి వైపు మబ్బు పట్టి ఉంది...