పంపు గుంతలో చల్లదనం

2023, మే నెల. రిటైరై మల్కాజ్‌గిరిలో ఇంట్లో కూర్చున్నాను, విసుగు పుట్టింది. ఒకప్పుడు పని మీద తిరిగిన చిన్న ఊళ్లను ఒక్క రోజులో చుట్టి వద్దామని బయలుదేరాను. నేను సికింద్రాబాద్‌లో ఒక కంపెనీకి క్లోరినేటర్ మెకానిక్‌గా పనిచేశాను. ఊరి తాగునీళ్లలో క్లోరిన్ గ్యాస్‌ను కొలత ప్రకారం కలిపే యంత్రం అది. అప్పట్లో మా జీపు నడిపిన యాదగిరి ఇప్పుడు రాంగోపాల్‌పేట్‌లో సొంత కారు తిప్పుతున్నాడు. ఫోన్ చేస్తే, "నడువుండ్రి సార్, పొద్దుగూకేలోపల వాపస్ వద్దాం" అన్నాడు.

జనగామ దాటాక మొదటి ఊరిని గుర్తుపట్టలేకపోయాం. మేం రోజూ ఇడ్లీ తిన్న హోటల్ పోయి మొబైల్ షాపు వచ్చింది. నేను బిగించిన యంత్రం ఉన్న గది కూలగొట్టారు. యాదగిరి నవ్వుతూ, "మనల్ని గుర్తువట్టెటోడు ఒక్కడన్న ఉన్నడా సార్ ఈడ?" అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

రెండో ఊరి పేరు రాయను. అక్కడ ఊరి చివర గుట్ట మీది పాత ఫిల్టర్ బెడ్, అంటే నీళ్లు వడకట్టే ప్లాంటు, ఇంకా నడుస్తోంది. ఆపరేటర్ మల్లేశం నన్ను చూడగానే పరుగెత్తుకొచ్చాడు. నేను యంత్రం బిగించిన రోజుల్లో కొత్తగా చేరినవాడు, ఇప్పుడు తల నెరిసింది. వేపచెట్టు నీడలో కుర్చీలు వేసి, "జెర కూసోండ్రి సారూ, చాయ్ తాగి పోదురు" అన్నాడు.

రిటైరైనా నోరు ఊరుకోదు కదా. గ్యాస్ మాస్కు ఎక్కడుందని అడిగాను.

"లోపలనే సారూ, సిలిండర్ గదిల. బయట పెడితె కోతులు గుంజుకపోతున్నయ్."

గ్యాస్ లీకైతే ఆ గదిలోకే వెళ్లి మాస్కు తెచ్చుకోవాలన్నమాట. తిడదామని నోరు తెరిచాను. అంతలో గొంతులో సూదిలా గుచ్చింది. బ్లీచింగ్ పౌడర్ వాసన లాంటిదే, కానీ ఊపిరి పట్టేస్తుంది. ఎన్నేళ్లయినా ఆ వాసనను మరిచిపోయే మెకానిక్ ఉండడు.

"పొద్దున సిలిండర్ మార్చినవా? వాషర్ కొత్తదేనా?"

"పాతదే మంచిగుండె సారూ, గదే ఏసిన."

సిలిండర్‌కు గొట్టం కలిసేచోట సీసపు వాషర్ వేస్తారు. ఒకసారి నలిగింది మళ్లీ సరిగ్గా కూర్చోదు. గది తలుపు కింద నుంచి పచ్చటి పొగ పాకుతోంది. మల్లేశం నీళ్ల పైపు అందుకున్నాడు. లీకు మీద నీళ్లు పోస్తే అది యాసిడ్ అయి లోహాన్ని తినేస్తుంది, కన్నం ఇంకా పెద్దదవుతుంది. పైపు లాగి పారేశాను. తీగ మీద ఆరేసిన చీర పక్కనున్న పంపు గది వైపు ఎగురుతోంది, అంటే గాలి అటే. గాలికి ఎదురుగా గుట్ట పైకి నడవమని ఇద్దరినీ తోశాను.

నాలుగడుగులు వేసి మల్లేశం ఆగిపోయాడు. "సారూ, సత్తెమ్మ."

సత్తెమ్మ అతని భార్య. మధ్యాహ్నం ఎండకు ఆమె పంపు గుంతలో పడుకుంటుందట. పంపులు నేలకు లోతుగా దిగిన గదిలో ఉంటాయి, ఎండాకాలంలో ఊరు మొత్తానికి చల్లటి చోటు అదే. దాని మెట్లు సిలిండర్ గది పక్కనే మొదలవుతాయి. క్లోరిన్ గాలికన్నా బరువు, పల్లం ఎక్కడుంటే అక్కడికి దిగుతుంది. చూసిపోదామని వచ్చినవాణ్ణి, ఒంటి మీద ఒక్క పరికరం లేదు.

మెట్ల వైపు పరుగు తీసిన మల్లేశాన్ని యాదగిరి నడుం పట్టి ఆపాడు. మోటార్లను గొలుసుతో పైకి లాగడానికి ఆ గది కప్పులో ఇనుప మూత ఉంటుంది. చుట్టూ తిరిగి గాలి వచ్చే వైపు నుంచి వెళ్లి మూత ఎత్తాం.

సత్తెమ్మ ఒక మూలన నేలను కరుచుకుని, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఉంది. మెట్ల మీది పొగ ఆమెకు రెండు గజాల దూరంలో ఉంది.

"సత్తెమ్మా, లేచి నిలబడు. పైపు మీదికెక్కు" అని అరిచాను.

"లేస్తె పొగ తగుల్తది సారూ. పొగొస్తె కిందికి వంగుమని మీటింగుల చెప్పిండ్రు" అంది దగ్గుతూ.

నిప్పు అంటుకుంటే అది సరైన మాటే. ఈ గ్యాస్ దగ్గర మాత్రం నేలే చావు. అదంతా చెప్పే వ్యవధి ఎక్కడిది? మల్లేశం మూత అంచున బోర్లా పడి, "నీ కాళ్లు మొక్కుత, లెవ్వే. సారు చెప్పినట్టు ఇను" అని ఏడ్చాడు. మొగుడి ఏడుపు విని లేచిందో, మంట తట్టుకోలేక లేచిందో, మొత్తానికి పెద్ద పైపు ఎక్కి చేతులు చాచింది. యాదగిరి ఒక చేయి, మల్లేశం ఒక చేయి పట్టుకున్నారు. నేను యాదగిరి కాళ్లు పట్టుకుని వెనక్కి లాగాను.

పైకి వచ్చాక ఆమెకు మాట రాలేదు. నోటి వెంట నురగ, ఎగశ్వాస. ముగ్గురినీ కారులో ఆసుపత్రికి పంపించి, ఫైర్ ఇంజన్‌కు ఫోన్ చేసి, ఎవరూ దగ్గరికి రాకుండా నేను దారి మీద నిలబడ్డాను. మాస్కులతో వచ్చినవాళ్లు నేను చెప్పిన వాల్వు మూసేదాకా అక్కడి నుంచి కదల్లేదు. గ్యాస్‌కన్నా ఎక్కువగా యాదగిరి ఫోన్ చేస్తాడేమోనని భయపడ్డాను. రింగయితే ఏం వినాలో అని ఫోన్ జేబులోంచి తీయలేదు.

సాయంత్రం ఎవరిదో బండి మీద ఆసుపత్రికి చేరాను. ఆక్సిజన్ పెట్టారు, ప్రాణానికి భయం లేదన్నారు. మల్లేశం బయట నేల మీద కూర్చుని ఉన్నాడు.

"ఇంట్ల రేకులు సారూ, కాలిపోతది. ఆమె వద్దన్నది, మోటార్ల మోతకు నిద్ర రాదన్నది. సల్లగుంటదని నేనే బలవంతంగ పంపిన" అన్నాడు.

పక్కన కూర్చున్నాను.

ఇప్పటికీ అప్పుడప్పుడు ఏదో ఒక ప్లాంటు చూడమని పిలుస్తారు. వెళ్లగానే సిలిండర్లు చూపించబోతారు. ఆగమంటాను. ఇక్కడ మధ్యాహ్నం ఎవరెవరు ఎక్కడ పడుకుంటారో ముందు అది చూపించమంటాను.