వినడానికి పెట్టిన మనిషి

కోతలు కోసేవాణ్ణి ఎవరూ తలచుకుని ఏడవరు గానీ, అతనికి మాత్రం తన కోతలు విన్నవాళ్లు గుర్తొస్తూనే ఉంటారు. నాకు ఒక చెల్లె గుర్తొస్తుంది. తోడబుట్టింది కాదు.

జనగామ దగ్గర ఒక మట్టి పరిశోధన కేంద్రంలో నేను ల్యాబ్ సహాయకుణ్ణి. స్టేషన్ ఘన్‌పూర్‌లో లేచిన గాలిదుమారం మా మేనమామ మేకను ఎత్తుకుపోయి, రైలు కంటే ముందే కాజీపేటలో దించిందని చెప్పింది నేనే. మేక టికెట్ తీసుకుందా అని అడిగితే, గాలిలో టీసీ ఉండడని కూడా చెప్పాను.

మా కేంద్రం పెద్ద మేడం ఒక పద్ధతి పెట్టారు. కొత్తగా చేరిన ప్రతి పరిశోధక విద్యార్థికీ గైడు కాక మరో మనిషి ఉండాలి, కష్టసుఖాలు వినడానికి. మహబూబాబాద్ దగ్గరి తండా నుంచి ఒక అమ్మాయి చేరినప్పుడు ఆ పని నాకప్పజెప్పారు. నా నోటి సంగతి తెలిసి కూడానా అని అడిగాను.

"ఆమె చదువుకు సంతకం పెట్టేటోనివి కాదు, ఆపేటోనివీ కాదు. నీకు చెప్పుకునేటందుకు ఆమెకు భయముండదు," అన్నారు.

సాయంత్రాలు మట్టి జల్లించే గదిలో కూర్చునేవాళ్లం. వాళ్ల ఇంటి భాషలో నీళ్లను, రొట్టెను ఏమంటారో నేర్పేది. నేను తప్పు పలికి, మీ తండాకు ఆ భాష నేర్పింది మా ముత్తాతే అనేవాణ్ణి. ఆమె నవ్వితే చేతిలో జల్లెడ ఆగిపోయేది.

రానురాను ఆ నవ్వు తగ్గింది. ఒక సీనియర్ ఉండేవాడు. మీటింగులో ఆమె "మట్టి జర తేమున్నది సార్" అంటే, "జ...ర" అని సాగదీసేవాడు. మిగతావాళ్లు నవ్వేవాళ్లు. తర్వాత మీటింగు వేళ మార్చి ఆమెకు చెప్పకుండా, రాలేదని గైడుకు చెప్పడం మొదలుపెట్టాడు. ఒకరోజు ఆమె జల్లెడ పక్కన పెట్టింది.

"అన్నా, నేను ఇంటికి పోత. ఈ చదువు నాతోని కాదు."

"చదువు నీతోని అయితది. ఆయన తీరుతోనే అయితలేదు. మేడంకు చెప్పనా?"

"చెప్పు. గానీ నీ మాట ఎవలు నమ్ముతరన్నా?" అంది, కళ్లు తుడుచుకుంటూ.

మేడం ముందు నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆమె చివరిదాకా విని, కళ్లద్దాలు తీసి, "ఇందుల మేక లేదేంది?" అన్నారు. లేదన్నాను.

"అయితే నిజమే."

ఒక్కొక్కరినీ విడివిడిగా పిలిచి అడిగారు. జూనియర్ల బాధ్యత ఆ సీనియర్ నుంచి తీసేశారు. ఎవరు మాట్లాడుతున్నా పూర్తయ్యేదాకా మరొకరు నోరు మెదపొద్దన్నారు. విచారించకుండా నమ్మినందుకు గైడు క్షమాపణ అడిగాడు. ఆపైన, నీకేం కావాలమ్మా అని మేడం ఆమెనే అడిగారు. ఇక్కడే ఉంటానంటుందని చెవులు రిక్కించాను. ఆమె భూపాలపల్లి అడిగింది. బొగ్గు గనుల మట్టి దిబ్బల మీద ఏ గడ్డి మొలుస్తుందో చూసే పని, వేరే గైడు. కొద్దిరోజుల్లోనే వెళ్లిపోయింది.

ఇప్పుడు మా గదిలో మట్టి జల్లించడం తొందరగా అయిపోతోంది. నవ్వి ఆపేవాళ్లు లేరు కదా.

మొన్న ఉండబట్టలేక భూపాలపల్లి వెళ్లాను. మీటింగు నడుస్తోంది. వెనక బెంచీలో కూర్చున్నాను. ఆమె తన యాసలోనే, తన గైడు చెప్పిందే తప్పని వాదిస్తోంది. ఎవరూ నవ్వలేదు. గైడు తల వంచుకుని రాసుకుంటున్నాడు. వినడానికి ఆమెకు ఇంక నేను అక్కర్లేదు. నేను కోరుకున్నదీ అదే. అయినా మీటింగు అయ్యేలోపే లేచి బయట నిలబడ్డాను.

బయటికొచ్చి నన్ను చూసింది. "అన్నా, ఎప్పుడచ్చినవ్? ఏం పని మీద?"

ఆఫీసు పని అన్నాను. భూపాలపల్లిలో నాకు ఏ పనీ లేదు.