కూర్మారావు రిఫరెన్సుల్లో ఆరుగురు ఆడవాళ్ళు

నిన్న పొద్దున్న "బావ పోనాడు" అని ఫోన్ వస్తే, ఏ బావ అని అడిగాను.

మా వైపు అందరూ బావలే కదా.

అవతల మా పాత కాలేజీ క్లర్కు. మన కూర్మారావు అన్నాడు.

నాలుగు రోజుల జ్వరం. మనిషికి నలభై కూడా నిండలేదు. మొన్న సాయంత్రం మెసేజ్ పెట్టాడు, ప్లేట్‌లెట్స్ పెరుగుతున్నాయి, కంగారు పడకు అని. నేను ఒక బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకున్నాను.

అదే ఆఖరు.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. కూర్మారావుది కళింగపట్నం, నాది సాలూరు. విజయనగరంలో ఒకే ప్రైవేటు డిగ్రీ కాలేజీలో లెక్చరర్లుగా ఉండేవాళ్ళం. ఆరేళ్ళు ఒకే రూమ్. వాడు ఎకనామిక్స్, నేను కామర్స్. వాడు వండేవాడు, నేను వంకలు పెట్టేవాణ్ణి.

వాళ్ళక్క అప్పలమ్మ సముద్రం ఒడ్డున చేపలు ఎండబెట్టి వీణ్ణి చదివించింది. పీహెచ్‌డీకి వీడు తీసుకున్న టాపిక్ కూడా అదే. చేపలు ఎండబెట్టే ఆడవాళ్ళ బతుకు. వానొచ్చి సరుకంతా కుళ్ళిపోతే వాళ్ళ గతేమిటి, ఎవరికి చెప్పుకుంటారు, ఇలాంటివి.

అక్కతో కలిపి ఆరుగురితో మాట్లాడాడు. ఒక రోజూ రెండ్రోజులూ కాదు, నెలల తరబడి. వాళ్ళ పక్కన కూర్చుని తనూ చేపలు తిరగేస్తూ, మధ్యమధ్యలో చెయ్యి తుడుచుకుని రాసుకునేవాడు. రూమ్‌కి వస్తే ఆ నోటుపుస్తకాలు గది బయట పెట్టమని గోల చేసేవాణ్ణి, అంత వాసన.

థీసిస్ సబ్మిట్ చేయాలంటే ముందు జర్నల్లో ఒక పేపర్ రావాలి. రిజిస్ట్రేషన్ గడువు అప్పటికే ఒకసారి పొడిగించారు. ఇక పొడిగించరని గైడు తేల్చి చెప్పేశారు. వాడి పీహెచ్‌డీ అంతా ఆ ఒక్క పేపర్ మీదే నిలబడింది.

పేపర్ బాగా రాశాడు. రిఫరెన్సులే వాడికి చుక్కలు చూపించాయి. కామా ఎక్కడ, ఫుల్‌స్టాప్ ఎక్కడ, ఏది ఇటాలిక్స్. ఫార్మాట్ సరిగ్గా లేదని రెండుసార్లు తిప్పి పంపారు. మూడోసారి నేను, ఇలా ఇవ్వు, దీనికి సాఫ్ట్‌వేర్ ఉందిరా అన్నాను.

పెద్ద మొనగాణ్ణి కదా.

ఆ జర్నల్ వాళ్ళు ఇంటర్వ్యూలు కూడా లిస్టులో పెట్టమన్నారు. ముందు ఇంటిపేరు, తర్వాత పేరులో మొదటి అక్షరం, ఏడాది, ఊరు.

ఆరుగురిదీ ఒకే ఇంటిపేరు. నలుగురు అప్పలమ్మలు, ఒక అప్పయ్యమ్మ, ఒక అప్పలనరసమ్మ. సింహాచలం అప్పన్న పేరు పెట్టుకోని ఇల్లు మా వైపు ఉండదు. ఊళ్ళో వాళ్ళకి తికమక లేదు. పెద్దప్పలమ్మ, వలల అప్పలమ్మ, బడికాడ అప్పలమ్మ అని పిలుచుకుంటారు. జర్నల్ ఫార్మాట్లో అవేవీ పట్టవు. ఆరు లైన్లూ అచ్చుగుద్దినట్టు ఒకటే.

ఆ రోజు వాడు గరివిడిలో పరీక్షల డ్యూటీకి వెళ్ళాడు. నేను కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఐదు డూప్లికేట్లు ఉన్నాయి, తీసేయనా అని సాఫ్ట్‌వేర్ అడిగింది.

తీసేయమన్నాను.

లిస్టు ఎంత నీట్‌గా వచ్చిందో అని మురిసిపోయాను కూడా. సాయంత్రం వాడొచ్చి కామాలు, ఫుల్‌స్టాపులు ఒక్కొక్కటే వేలు పెట్టి చూసుకున్నాడు. మనుషుల్ని లెక్కపెట్టుకోవాలని ఇద్దరిలో ఒక్కడికీ తట్టలేదు. మర్నాడే ఆఖరి తేదీ. పంపేశాం.

ఏడు నెలలకి మెయిల్ వచ్చింది.

వ్యాసంలో ఆరుగురు మహిళలని రాశారు, ఆధారాల్లో ఒక్కరే ఉన్నారు. రచయిత ఒక్కరితోనే మాట్లాడి మిగతాది కల్పించినట్టు అనుమానం కలుగుతోంది. తిరస్కరిస్తున్నాం.

స్టాఫ్‌రూమ్‌లో చదివి, ఫోన్ నా చేతిలో పెట్టి, వెళ్ళి కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఏం జరిగిందో నాకు వెంటనే అర్థమైంది. వాడికి చెప్పాను. తిట్లకి సిద్ధపడ్డాను. తిట్టి ఉంటే బాగుండేది.

"నానేటి అబద్దాలు రాసినానా బావా?" అన్నాడు. అంతే.

తప్పు నాదని, ఆరుగురి పూర్తి పేర్లు, ఫోటోలు పెట్టి ఎడిటర్‌కి రాశాం. జవాబుకి రెండు నెలలు పట్టింది. కొత్త పేపర్‌గా మళ్ళీ పంపితే పరిశీలిస్తారట. ఈలోపు గడువు దాటిపోయింది. రిజిస్ట్రేషన్ రద్దయిందని యూనివర్సిటీ నుంచి ఒక పేజీ కాగితం వచ్చింది.

మళ్ళీ రిజిస్టర్ చేయించుకోమని వందసార్లు పోరాను. సేద్దాంలే అనేవాడు. ఆ ఫైల్ ఇక తెరవలేదు. నేను బాధపడతానని నా ముందు ఆ ఊసే ఎత్తేవాడు కాదు. ఎప్పటిలాగే వండిపెట్టాడు. ఆ అన్నం నాకు ఎలా దిగిందో నాకే తెలియదు.

నిన్న మధ్యాహ్నానికి కళింగపట్నం చేరాను. అప్పటికే తీసుకెళ్ళిపోయారు. మొహం కూడా చూడలేదు.

వాళ్ళక్క నన్ను గుర్తుపట్టి పక్కన కూర్చోబెట్టుకుంది. వాడు ఆవిడకి మెయిల్ సంగతి గానీ, నేను చేసిన పని గానీ ఏదీ చెప్పలేదు. ఆలస్యమవుతోంది అని మాత్రం చెప్తూ వచ్చాడు.

"మా గురించి రాసినాడు గదా బాబూ. అది అచ్చయినాదా?" అని అడిగింది.

లేదక్కా అన్నాను. నా వల్లే ఆగిపోయిందని కూడా చెప్పేశాను.

ఆవిడ లేచి లోపలికెళ్ళి, వాడి నోటుపుస్తకాలు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. నాలుగు పేజీలు తిప్పాను. అన్నీ పొడి అక్షరాలు, గీతలు, బాణం గుర్తులు. వాడికి తప్ప ఎవరికీ అర్థం కావు. మూసి తిరిగి ఇచ్చేశాను.

"ఇంకెవులొచ్చి రాస్తారు మా గురించి" అంది.

ఎవరూ రారు. ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు.

నువ్వు నన్ను ఎప్పుడో క్షమించేశావు కూర్మారావు. దానివల్ల ఏదీ బాగుపడలేదు.

వెళ్ళిరా బావా. ఏ గడువూ తరమని చోట ప్రశాంతంగా ఉండు.