మైకమ్మ నోటి పరీక్ష

బస్టాండులో ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో మైకులో చెప్పే ఆవిడని అందరూ మైకమ్మ అనే పిలుస్తారు. నలభై దాటాక ఆవిడకి డిగ్రీ చదవాలని బుద్ధి పుట్టింది. పొద్దున కాలేజీ, మధ్యాహ్నం నుంచి మైకు. పాఠాలు బస్సుకీ బస్సుకీ మధ్య బట్టీ పట్టాల్సిందే.

"ఒక్క బుర్రతో రెండు కాపురాలెలా చేస్తావే?" అని మొగుడు నవ్వేవాడు.

"మీరు వంటిల్లు చూసుకోండి, ఆ రెండూ నేను చూసుకుంటా," అనేది.

చివరిది నోటి పరీక్ష. డ్యూటీ చీరతోనే పరుగున వెళ్లి కూర్చుంది. మేష్టారు మొదటి ప్రశ్న అడగ్గానే గొంతు సవరించుకుని, గది ఖంగుమనేలా జవాబు చెప్పింది. ఊపిరి పీల్చుకుని, అదే జవాబు పొల్లుపోకుండా మళ్లీ చెప్పింది. రెండో ప్రశ్నకీ అదే వరస. వరండాలో తోటి పిల్లలు పడీపడీ నవ్వుతున్నారు.

"ఒకసారి చాలమ్మా, నాకేం చెవుడు లేదు," అన్నారు మేష్టారు.

మైకమ్మకి చిర్రెత్తుకొచ్చింది. "ఇరవై ఏళ్ల అలవాటు సార్. మొదటిసారి చెబితే ఎవరూ నమ్మరు. రెండోసారి చెబితేనే కదులుతారు."

మేష్టారు నవ్వాపుకుంటూ మార్కులు వేసి, "పాసయ్యారమ్మా, ఇక వెళ్లిరండి," అన్నారు.

మైకమ్మ కుర్చీలోంచి లేవలేదు.

"ఇంకేంటమ్మా?"

ఊరందరినీ పరిగెత్తించిన ఆ గొంతు ఇప్పుడు పీలగా వచ్చింది.

"ఇంకోసారి చెప్పండి సార్."