చలివేంద్రం ఉన్న మూల

మార్కాపురంలో మా వీధి చివరి కూడలిని మునిసిపాలిటీ వాళ్లు తవ్విపోసిన ఏడాది, ఉగాది దగ్గర పడేకొద్దీ నాకు తిండి సయించలేదు.

కూడలి బాగుపడటం ఇష్టం లేక కాదు. దాని అవస్థ నేను రోజూ చూసిందే. మురుగుకాలువ పొంగి రోడ్డు మీదే పారేది. తర్లుపాడు ఆటోలు అడ్డదిడ్డంగా నిలబడేవి. దుకాణాల వాళ్లు సామాను సగం బయటే పేర్చుకునేవారు. నడుమ ఎప్పుడో కట్టిన గుండ్రటి దిమ్మె, దాని చుట్టూ ఇనుప కంచె, కంచె లోపల ఊరి చెత్త. చంకలో పిల్ల ఉన్న ఆడమనిషి ఈ పక్క నుంచి ఆ పక్కకు పోవాలంటే ఎవరో ఒకరు దయతలచి బండి ఆపాలి. ఇక మీదట అక్కడికి బండ్లు రావు, మనుషులే నడుస్తారు, కూర్చోవడానికి అరుగులు వస్తాయి, కింద మన పలకరాయే పరుస్తారు అని విని నేనూ సంతోషించాను. నా దిగులంతా ఒక్క మూల గురించే.

కూడలి తూర్పు మూలన, వేపచెట్టు నీడలో, ఉగాది నుంచి తొలకరి దాకా మా కుటుంబం చలివేంద్రం పెడుతుంది. నాలుగు గుంజలు పాతి పైన చొప్ప కప్పుతాం. ఇసుక పోసి కొత్త కుండలు దించి, చుట్టూ తడి గోనెపట్టాలు కడతాం. మా తాత మొదలుపెట్టిన పని అది. ఆయన కాలంలో తాగేవాళ్లకు కులాన్ని బట్టి రెండు వరసలు ఉండేవట. నాయన వాటిని ఒక్కటి చేశాడు. మిగిలిన నియమాలు మాత్రం మారలేదు. తొలి రోజు మొదటి గ్లాసు ఇంటి పెద్ద తన చేత్తో పోయాలి, పోసేదాకా అక్కడి నుంచి కదలకూడదు. ఇంకొకటి, పేరు పెట్టకూడదు. బోర్డు లేదు, మైకు లేదు, ఫొటో లేదు. ఎవరి నీళ్లు తాగుతున్నాడో తెలియనప్పుడే మనిషి కడుపు నిండా తాగుతాడని నాయన నమ్మకం.

మాకు ఒకప్పుడు పలకల ఫ్యాక్టరీ ఉండేది. రాయి మా గనిది, కోత మా షెడ్లలో, చట్రాలు బిగించేది మా దగ్గరే. బడిపిల్లలు పలకలు మానేశాక గని పోయింది, తర్వాత లారీలు, ఆ తర్వాత షెడ్లు. ఆ షెడ్ల స్థలంలో ఇప్పుడు ఫంక్షన్ హాలు ఉంది. అక్కడికి పెళ్లిళ్లకు పిలిస్తే వెళ్తాను, నిటారుగా కూర్చుని భోంచేసి వస్తాను. తాతల నుంచి వచ్చినదాంట్లో నా చేతిలో మిగిలింది వెనక సందులోని ఇల్లూ, ఈ నీళ్లూ.

కూడలి మారుస్తారని తెలిసిన రోజు నుంచీ మునిసిపాలిటీ వాళ్లు నా దగ్గరికి వస్తారని ఎదురుచూశాను. ఇన్నేళ్లుగా చలివేంద్రం పెడుతున్నవాడిని అడగకుండా ఆ మూల మీద చెయ్యి వేయరని నా ధీమా. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందుగదిలో కూర్చునేవాణ్ణి. వచ్చినవాళ్లకు వేయాలని రెండు కుర్చీలు తుడిపించి పెట్టాను. సర్వేయరు మా సందు మీదుగానే పోయాడు, నా వైపు చూడలేదు. పొక్లెయిన్ వచ్చింది, దిమ్మె పోయింది, కంచె పోయింది. మా ఇంటికి మాత్రం ఎవరూ రాలేదు.

చివరికి కొత్త కూడలి బొమ్మను టీ దుకాణం పక్క గోడకు అంటించారని తెలిసి వెళ్లాను. అరుగులు, దీపాలు, పిల్లలు ఆడుకునే చోటు అన్నీ ఉన్నాయి. వేపచెట్టు ఉంది. దాని కింద పచ్చరంగు వేసి పూలమొక్కలు గీశారు.

"ఏంది పెద్దన్నా, అట్ల ముక్కు ఆనించి చూస్తాండావు? నీకేమన్నా మేడ గీసినారా దాంట్లో?" అన్నాడు టీ కొట్టాయన.

"చలివేంద్రం యాడ గీసినారా అని."

"అది మున్సిపాలిటోళ్లది గదా. ఉంచితే ఉంచుతారు, పీకితే పీకుతారు. మధ్యన నీకెందుకు?"

"వాళ్లదని ఎవరు చెప్పినారు నీకు?"

"ఇంకొకరు చెప్పాల్నా? పేరు లేదు, ఫ్లెక్సీ లేదు. సొంత డబ్బు పెట్టేటోడు మొగం దాచిపెట్టుకుంటాడా ఈ కాలంలో?"

బల్ల మీద కూర్చున్న ముసలాయన అడ్డం వచ్చాడు. "కాదులేబ్బా, అది బట్టల షాపాయనది. నీళ్ల క్యాన్లు ఆయన షాపు ముందరే గదా దించేది."

"ఆయనా? ఆయన దుకాణానికి పోతే మంచినీళ్లు అడిగినా చీరె కొనమంటాడు!"

అందరూ నవ్వారు. నేను ఏటా మొదటి గ్లాసు పోసే చోటికి ఆ టీ దుకాణం ఎంతో దూరం లేదు. ఎండ ముదిరినప్పుడు ఆయన కూడా వచ్చి తాగినవాడే, నేను పోస్తుంటే ఊరికే సాయం పడుతున్నాననుకున్నాడు కాబోలు. మాది అని ఒక్క మాట అంటే సరిపోయేది. అంటే తాత పెట్టిన నియమం తప్పుతుంది, అనకపోతే మూల పోతుంది. టీ గ్లాసు సగంలోనే పెట్టేసి వచ్చేశాను.

ఆ వారంలోనే, ఎండాకాలమంతా కుండల దగ్గర కూర్చుని నీళ్లు పోసే ఆమె మా ఇంటికి వచ్చింది. ఆమెది తర్లుపాడు వైపు పల్లె, నా ఈడుదే. ఆదివారం పొద్దున ఆమె చర్చికి పోతుంది కాబట్టి ఆ పూట నేనే పోస్తాను. మిగతా రోజులు ఆమెవే.

"అన్నా, కుండలకి చెప్పినావా? పండగ దగ్గరికొచ్చె."

"చోటు పోయేటట్టు ఉందమ్మా. పూలమొక్కలు పెడతారంట."

"నువ్వు పోయి అడిగినావా?"

"నీళ్లు పోసేదానికి ఒకర్ని అడిగేదేంది? మా ఇంట్లో ఎవరూ అడగలేదు."

"ఇంట్లో నువ్వు అనుకుంటే ఆఫీసులో వాళ్లకి కలొస్తదా? అడగనంటే ఇప్పుడే చెప్పన్నా, మిరపకాయల కోతకి పోతా. నన్ను నమ్మకం మీద కూర్చోబెట్టి, పండగనాడు లేదంటే నేను యాడికి పోవాల?"

నా బాధ మూల పోతుందనే తప్ప, ఆ మూల మీద ఆమె వేసవి కూలి ఆధారపడి ఉందని అప్పటిదాకా తట్టలేదు. మర్నాడు ఆఫీసుకు వెళ్లాను.

ఇంజినీరు ఒంగోలు వైపు నుంచి వచ్చిన కుర్రవాడు. కుర్చీ చూపించాడు. నేను కూర్చోలేదు. అడగడానికి వచ్చి కూర్చుంటే లేవలేనేమో అనిపించింది.

"ఆ వేపచెట్టు కింద వేసవిలో చలివేంద్రం పెట్టుకోవాలి. దయచేసి ఆ చోటు వదలండి" అన్నాను. 'దయచేసి' అనే మాట నా నోట ఆ ఆఫీసులో ఎప్పుడూ రాలేదు.

"అంతేనా సార్? పెట్టుకోండి. మొక్కలు ఆ పక్కకి జరుపుతాం. కొత్త రాళ్లు తవ్వి గుంజలు మాత్రం పాతొద్దు."

నెలరోజుల దిగులు అంత తేలిగ్గా తేలిపోతుందనుకోలేదు. ఆయన అక్కడితో ఆగలేదు.

"ఇంతకీ అది మీదా సార్? మాకెవరికీ తెలీదు. ఒక పని చేద్దాం. మంచి పలకరాయి మీద మీ ఫ్యామిలీ పేరు చెక్కించి అక్కడే బిగిద్దాం. అప్పుడు ప్లానులో ఎక్కుతుంది, ఎప్పటికీ ఎవరూ కదిలించలేరు."

మా గని రాయి లాంటి నల్లరాయి, దాని మీద మా ఇంటిపేరు. టీ దుకాణం బల్ల మీద కూర్చున్న ప్రతివాడికీ కనబడే ఎత్తులో. ఆశ పడలేదంటే అబద్ధమవుతుంది. అయినా వద్దన్నాను.

"పేరు లేకపోతే కష్టం సార్. ఈ ఏడు నేను చూసుకుంటాను. వచ్చే ఏటికి నేను ఇక్కడ ఉంటానో ఉండనో. కొత్తగా వచ్చేవాళ్లకి అది ఎవరిదని చెప్పమంటారు?"

"చెప్పొద్దు" అన్నాను. మెట్లు దిగుతుంటే, చేతికి వచ్చిన చోటును నేనే జారవిడిచానా అనే భయం పట్టుకుంది. ఆ భయం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

ఉగాది నాడు పెయింటు డబ్బాల్లో ఇసుక నింపి వాటిలో వెదుళ్లు నిలబెట్టి చొప్ప కప్పాం. గాలి వీచినప్పుడల్లా పందిరి అటూ ఇటూ ఊగింది. కుండలు నింపి నేను గ్లాసు పట్టుకుని నిలబడ్డాను. కూడలి కొత్తరాయితో నున్నగా, విశాలంగా ఉంది. పిల్లి కూడా లేదు. ఆటోలను వీధి అవతలి చివరనే ఆపేస్తున్నారు. పండగపూట ఊరంతా ఇళ్లలో ఉంది. నల్లరాయి మీద ఎండ కళ్లలో పొడుస్తోంది. ఇంతకు ముందు ఆటో దిగినవాడు ఎదురుగా కుండలే చూసేవాడు. ఇప్పుడు ఇంత దూరం ఎవరు నడిచి వస్తారు? మనుషుల కోసం కట్టిన చోటికి మనుషులే రాకపోతే, వచ్చే ఏడు ఈ మూల ఎవరికి కావాలి?

"గ్లాసు కింద పెట్టన్నా, ఎంతసేపని పట్టుకోని నిలబడతావు?" అంది కుండల దగ్గరి ఆమె.

నేను పెట్టలేదు.

చాలాసేపటికి ఒక పల్లెటూరి ఆడమనిషి భుజాన పిల్లాణ్ణి వేసుకుని ఆటోవాణ్ణి తిట్టుకుంటూ వచ్చింది. "ఆస్పత్రికి పోవాలంటే ఆడనే దించేసె సచ్చినోడు. బిడ్డకి జ్వరం, ఈ ఎండలో నడవాల్నా?" మమ్మల్ని చూసి ఆగింది. పందిరి కింద చతికిలబడి, పిల్లాణ్ణి ఒళ్లోకి దించి, వాడి నోటి కింద దోసిలి పట్టింది. నేను వంగి నీళ్లు పోశాను. వాడు తాగాడు, ఆమె తాగింది, మొహం కడుక్కుంది. "ఇంకొంచెం పొయ్ నాయనా" అని సీసా కూడా నింపించుకుంది. ఎవరివని అడగలేదు. పిల్లాణ్ణి ఎత్తుకుని ఆస్పత్రి వైపు వెళ్లిపోయింది.

"అయిపాయె గదా, ఇంక ఇంటికి పో. ఎండ దెబ్బ తగుల్తాది" అంది కుండల దగ్గరి ఆమె.

నియమం ప్రకారం నేను వెళ్లవచ్చు. గ్లాసు కడిగి మళ్లీ నింపుకుని, ఆటోలు ఆగే వైపు చూస్తూ నిలబడ్డాను. దూరంగా ఒక ఆటో ఆగింది. అందులోంచి దిగినవాళ్లు ఎటు తిరుగుతారో ఇంకా తెలియడం లేదు.