గొర్రెపిల్ల కాలికి వెదురు తెర

ఎల్లారెడ్డి శివారులో నేనుంటున్న చోటు ఒకప్పుడు మా పశువుల దొడ్డి. అసలు ఇల్లు, దొరల గడీ, మా నాన్న కాలంలోనే చేతులు మారింది. కొన్నవాళ్లు దూలాలు, తలుపులు, మెట్ల రాళ్లు విడివిడిగా అమ్ముకున్నారు. దొడ్డి ఒక్కటి మిగిలింది. బడిలో టీచరుగా రిటైరైన తర్వాత అందులో రెండు గదులు వేసుకున్నాను. ఒక్కదాన్నే ఉంటాను.

ఇల్లు పోయినప్పుడు రెండు వస్తువులు మాత్రం ఇవ్వనన్నాను. ఒకటి ముందరి ఇనుప గేటు. రెండోది మా నానమ్మ కూర్చునే గదికి వేలాడే వెదురు తెర. చిటికెన వేలంత వెడల్పు బద్దలను నూలు దారంతో అల్లిన తెర అది. లోపలున్నవాళ్లకు బజారు కనిపిస్తుంది, బజారులో ఉన్నవాళ్లకు లోపలివాళ్లు కనిపించరు. మా నానమ్మ ఊరిని చూసింది ఆ సందుల్లోంచే. దాన్ని నా గది గుమ్మానికి కట్టుకున్నాను. గేటులో ఒక రెక్కను దొడ్డికి పెట్టించాను. గడీ కోసం చేసిన గేటు దొడ్డికి ఎక్కువే. కదిలించాలంటే రెండు చేతులూ కావాలి. ఒకసారి కదిలితే మాత్రం ఆగదు.

పోయిన ఎండాకాలం ఆ గేటు ఒక గొర్రెపిల్ల కాలు విరగ్గొట్టింది. అలా రాయడం కూడా సరి కాదు. నేను విరగ్గొట్టాను.

మా దొడ్డి ముందు నుంచి రోజూ పొద్దున ఒక కురుమాయన తన గొర్రెల మందను తోలుకుపోతాడు. అరవై దాటిన మనిషి. వాళ్ల తాత మా తాత గొర్రెలు కాసినవాడు. అందుకని ఆయన నన్ను ఇంకా దొరసానీ అనే పిలుస్తాడు. ఆ పిలుపు నాకు ఇష్టమే, కాదనను. ఆ రోజు నాలుగైదు గొర్రెపిల్లలు లోపలికి దూకి, నేను నీళ్లు పోసి పెంచుకున్న చిక్కుడు తీగ మీద పడ్డాయి. వెళ్లగొట్టాను. మళ్లీ వచ్చాయి. మళ్లీ వెళ్లగొట్టి, కోపంతో గేటును రెండు చేతులా తోశాను. అన్నిటికంటే వెనకున్న పిల్ల వెనక కాలు గేటుకూ రాతి కంబానికీ మధ్య పడింది. ఎండు కంది కట్టె విరిగినట్టు చిన్న చప్పుడైంది.

ఆయన పరుగెత్తుకొచ్చేసరికి పిల్ల మూడు కాళ్ల మీద నిలబడి ఉంది. నాలుగోది వేలాడుతోంది.

"ఏమైంది దొరసానీ?"

"గాలికి గేటు పడ్డది," అన్నాను.

ఆయన తలెత్తి పక్కనున్న వేపచెట్టు వైపు చూశాడు. ఒక్క ఆకు కదలడం లేదు. పిల్లను ఒళ్లోకి తీసుకున్నాడు.

మరునాడే మంద గాంధారి వైపు బయలుదేరాలి. కోతలైపోయిన మళ్లలో ఎరువు కోసం మందను నిలుపుకుంటామని అక్కడి రైతులు ముందే మాట్లాడుకున్నారు. నెల దాకా తిరిగి రారు. కాలు విరిగిన పిల్ల అంత దూరం నడవలేదు.

"ఇగ దీన్ని కోతకు కటికోనికే ఇయ్యాలె," అన్నాడు. "ఆడిపిల్ల. సాదుకుంటె నా మంద పెరుగుతుండె."

"ఇక్కడ ఉంచిపో."

"నీ దగ్గరనా?" అని నవ్వాడు. "మరి పాలు ఎవలిస్తరు? నువ్విస్తవా?"

"తల్లిని కూడా ఉంచు."

"గొర్లను సాదే దొరసానిని నేనైతె యాడ చూడలె."

"అయితే ఇప్పుడు చూడు," అన్నాను.

కట్టు కట్టడానికి బద్దలు కావాలి. చుట్టూ వెతికిన ఆయన చూపు నా గుమ్మం మీద ఆగింది. అడగలేదు, అడిగే మనిషి కాడు. నేనే కత్తెర తెచ్చి, తెర కింది అంచు దారం తెంపి, ఆరు బద్దలు లాగి ఇచ్చాను. వాటిని కాలి పొడవుకు విరిచాడు. కాలిని మెల్లగా లాగుతూ ఎముక కొసలు కలిసేదాకా బొటనవేలితో తడిమాడు. పిల్ల ఒక్కసారి అరిచి ఊరుకుంది. పాత చీర పేలిక చుట్టి, గుడ్డు తెల్లసొనలో కలిపిన మినప్పిండి పూసి, చుట్టూ బద్దలు పేర్చి కట్టాడు.

"ఈ ముడి మళ్ల నేనొచ్చి ఇప్పుత. అందాక నువ్వు ముట్టకు. వదులైనట్టు కనవడ్తది, కనవడనీ. అర్థమైందా?"

"అర్థమైంది," అన్నాను. అర్థమైందా అని ముప్పై ఏళ్లు పిల్లల్ని అడిగినదాన్ని. నన్ను ఎవరైనా అలా అడిగి చాలా కాలమైంది.

నాలుగు రోజులు బాగానే గడిచాయి. పిల్ల నా మంచం పక్కన గోనెసంచి మీద పడుకునేది. పాలకు తల్లి కింద నిలబెట్టి పట్టుకునేదాన్ని. తల్లి మొదట్లో నన్ను వెనక నుంచి పొడిచేది, తర్వాత మానేసింది. ఐదో రోజు చూస్తే కట్టు జారినట్టు అనిపించింది. బడిలో స్కౌట్ పిల్లలకు కట్లు కట్టడం నేర్పినదాన్ని నేనే. ఆ చేతులతోనే ముడి విప్పి, బద్దలు సర్ది, కదలకుండా బిగించి కట్టాను. చూడడానికి ముచ్చటగా వచ్చింది.

మర్నాటికి పిల్ల పాలు తాగలేదు. కట్టు పైన కాలు ఉబ్బింది. కింద గిట్ట ముట్టుకుంటే చల్లగా ఉంది. విప్పితే ఎముక కదులుతుందేమోనని భయం. ఎల్లారెడ్డి పశువుల దవాఖానకు తీసుకుపోతే, డాక్టరు టీకాలు వేయడానికి తండాలకు వెళ్లారని, ఆలస్యం చేయకుండా కామారెడ్డికి తీసుకుపొమ్మని అన్నారు. పిల్లను గంపలో పెట్టుకుని బస్సెక్కాను. మా ఇంట్లో ఆడవాళ్లు గంప చంకన పెట్టుకుని బజారులో నడిచింది లేదు.

"ఆధార్ చూపియ్యమ్మా, ఆడోళ్లకు ఫ్రీ గదా, జీరో టికెట్ కొడ్త," అంది కండక్టరు.

"నేను డబ్బులిచ్చే ఎక్కుతాను." మొదటి నుంచీ నా పద్ధతి అంతే.

"గట్లనా? మరి గంపల ఉన్నది ఆడిదా, మొగదా?"

"ఆడది."

"దానికి జీరో కొడ్త తియ్. నీ కన్న అదే నయం, కొట్లాడుత లేదు."

బస్సంతా నవ్వింది. బీడీ ఆకుల సంచితో నా పక్కన కూర్చున్నామె గంపలోకి చెయ్యి పెట్టి గిట్ట పట్టుకుని చూసింది.

"సల్లగైంది గదక్కా! ఎవలు కట్టిండ్రోగని మస్తు బిర్రుగ కట్టిండ్రు," అని పై ముడి తనే కాస్త వదులు చేసింది. అది కట్టింది నేనని చెప్పలేదు. లింగంపేట దాటేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

కామారెడ్డి దవాఖానలో డాక్టరమ్మ చిన్న వయసుది. కట్టంతా కత్తిరించి తీసి, గిట్టను రెండు అరచేతుల మధ్య పెట్టుకుని చాలాసేపు నొక్కి చూసింది.

"గొర్లోళ్లకు చెప్పి చెప్పి నా నోరు నొస్తున్నదమ్మా. బిగించి కట్టుడు, కాలు మీదికి తెచ్చుడు. మీ గొర్లాయనకు జెర గట్టిగ చెప్పున్రి," అంది.

అక్కడ నేను ఊరుకుంటే సరిపోయేది. ఆయన గాంధారి వైపు ఏ మడిలో ఉన్నాడో, ఈ మాట ఆయన చెవిన పడదు. గేటును గాలి మీద పెట్టినట్టే కట్టును ఆయన మీద పెట్టవచ్చు.

"ఆయన కట్టింది సరిగ్గానే ఉంది. విప్పి మళ్లీ కట్టింది నేను."

"ఎందుకు విప్పిన్రు?"

"నాకు తెలుసనుకున్నాను."

ఆమె దూది దళసరిగా చుట్టి, అవే బద్దలు చుట్టూ పెట్టి, వేలు దూరేంత వదులుగా కట్టింది. "బద్దలైతె మంచిగున్నయి. ఇంకో పూట ఆగితె గిట్ట పోతుండె. ఇప్పుడు గూడ నేను మాటియ్య. పూటపూటకు గిట్టకు చెయ్యి వెనకదిక్కు ఆనిచ్చి చూడున్రి. వెచ్చగయితె దక్కినట్టు," అంది.

అప్పటి నుంచి నాకు వేరే పని లేదు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం చెయ్యి వెనకవైపు గిట్టకు ఆనించి చూసేదాన్ని. మొదటి రోజు చల్లగానే ఉంది. రెండో రోజూ అంతే. మూడో రోజు పొద్దున కొంచెం వెచ్చగా తగిలింది. నా చేతి వేడేమోనని రెండో చెయ్యి కూడా పెట్టి చూశాను. వెచ్చగానే ఉంది. ఆ పూట పిల్ల పాలు తాగింది.

తల్లికి మేత కోసం కొడవలి పట్టుకుని రోడ్డు పక్క సుబాబుల్ కొమ్మలు కోసుకొచ్చేదాన్ని. ఒకరోజు మూలమీది కిరాణా కొట్టతను, "మేడం, మాయి గూడ నాలుగు మేకలున్నయి, కాస్తరా?" అన్నాడు. నా దగ్గర చదివినవాడే.

"నీకు లెక్కలే రాలేదు. నాలుగున్నాయో ఐదున్నాయో ముందు సరిగ్గా చూసుకో," అన్నాను. కొట్టు ముందున్నవాళ్లు వాణ్ని చాలా రోజులు ఏడిపించారట.

మూడో వారంలో పిల్ల ఆ కాలు నేలకు ఆనించింది.

నెల దాటాక ఒక పొద్దున మంద చప్పుడు వినిపించింది. కురుమాయన లోపలికి వచ్చి, పిల్లను ఒళ్లో వేసుకుని, కట్టు విప్పబోయి ఆగాడు.

"ఈ ముడి నాది గాదు."

నిలబడే చెప్పాను. ఆ రోజు గాలి లేదని, గేటు నేనే తోశానని చెప్పాను. ముడి విప్పి బిగించానని, గిట్ట చల్లబడిందని, కామారెడ్డి పోయి వచ్చానని చెప్పాను.

"గాలి సంగతి నాకెరుకే," అన్నాడు. "కోపంల ఎవలి చేతులనైన గేటు పడ్తది. గని ముడి ముట్టకని చెప్పిన్నా లేదా?"

"చెప్పినవు."

"అర్థమైందా అంటె అర్థమైందంటివి! ఎంతమందికో సదువు చెప్పినదానివి, ఒక్క మాట చెవిన పెట్టరాదా? కాలు పోతె ఎవలి పిల్ల పోతుండె? నీదా, నాదా?"

గొంతు పెరిగింది. రోడ్డు మీద ఇద్దరు ముగ్గురు ఆగి చూశారు. మా గేటు లోపల నిలబడి మావాళ్లను ఇంత గొంతుతో అడిగినవాళ్లు ఎవరూ ఉండరు. తల దించలేదు, పక్కకు తిప్పలేదు, అంతా విన్నాను.

"నీదే. తప్పు నాదే," అన్నాను.

ఆయన మంచినీళ్లు అడిగాడు. తాగి, కట్టు విప్పాడు. బొటనవేలితో ఎముకను పైనుంచి కిందికి తడిమి, "గట్టివడ్డది. జెర వంకరున్నది, ఏంగాదు, బతుకుతది," అన్నాడు. కింద దింపితే పిల్ల కుంటుకుంటూ తల్లి దగ్గరకు పోయింది. విప్పిన బద్దలను పారేయకుండా గొంగడి మడతలో పెట్టుకున్నాడు.

"అవెందుకు?"

"తొవ్వల ఇంకో రెంటికి కాళ్లిరిగినయి. వెదురు దొరకక కంది కట్టెలతోని కట్టిన."

నేను కుర్చీ వేసుకుని ఎక్కి, గుమ్మం మీద తెర మొత్తం దించాను.

"అద్దు దొరసానీ, మీ ముసలమ్మది గదా."

"ముసలమ్మ ఇప్పుడు లోపల లేదు," అన్నాను.

ఇద్దరం అరుగు మీద కూర్చుని దారం లాగి బద్దలు విడదీశాం. చాలాసేపు పట్టింది. వాటిని ఆ దారంతోనే కట్టగా కట్టి, చంకన పెట్టుకుని, పిల్లనూ తల్లినీ మందలో కలుపుకుని పోయాడు. ఆ సాయంత్రమే గేటు కదలకుండా ఒక బండరాయి దొర్లించి ఆనించాను.

ఇప్పుడు నా గుమ్మానికి తెర లేదు. పొద్దున నేను కుర్చీలో కూర్చుని ఉండడం బజారుకంతా కనిపిస్తుంది. మంద పోతున్నప్పుడు ఆ పిల్లను ఎంత గుంపులో ఉన్నా గుర్తుపడతాను. వెనక కాలు ఒకటి కాస్త ఆలస్యంగా పడుతుంది. అది నా వైపు చూడదు. మా గేటు వచ్చేసరికి రోడ్డు దాటి అవతలి అంచు పట్టుకుంటుంది, గేటు వెనకబడ్డాకే మళ్లీ మందలో కలుస్తుంది.